సర్పంచ్ గుర్తును ప్రచార లోగోగా మలచడం ఎలా?

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన సాయంత్రం అభ్యర్థి చేతికి గుర్తు వస్తుంది. కత్తెర కావచ్చు, ఉంగరం కావచ్చు, టీవీ రిమోట్ కావచ్చు. పోలింగ్‌కు మిగిలేది వారం పైచిలుకే. 2025 డిసెంబరులో జరిగిన తెలంగాణ పంచాయతీ ఎన్నికల తొలి విడతలో 3న ఉపసంహరణ, 11న పోలింగ్. మొన్నటిదాకా అభ్యర్థితో ఏ సంబంధమూ లేని వస్తువు ఆ ఎనిమిది రోజుల్లో ఆయనకు మారుపేరు కావాలి. పైగా తెలంగాణలో పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు ఉండదు, ఫొటో ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. పేరు గుర్తుండి గుర్తు గుర్తుకురాని ఓటరు మీ ఓటరు కాదు.

అందుకని పని బ్యాలెట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. డీటీపీ సెంటర్లలో సాధారణంగా జరిగేది తిరగేసిన పద్ధతి: ముందు ఫ్లెక్సీ, తర్వాత కరపత్రం, చివర్లో ఎవరో గుర్తుచేస్తే నమూనా బ్యాలెట్. ఆ వరసలో గుర్తు ఎప్పుడూ మూలకు పోతుంది.

ముందుగా అసలు బొమ్మ సంపాదించండి

రిటర్నింగ్ అధికారి దగ్గర ఉండే గుర్తుల జాబితా నుంచిగానీ, రాష్ట్ర ఎన్నికల సంఘం విడుదల చేసిన పీడీఎఫ్ నుంచిగానీ బొమ్మ తీసుకోండి. కాగితమే దొరికితే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర స్కాన్ చేయండి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫొటోను వాడొద్దు.

గూగుల్‌లో వెతికి మెరిసే కత్తెర ఫొటో పెట్టడం అందరూ చేసే పొరపాటు. ఓటరు బూత్‌లో చూసేది ఫొటో కాదు, నల్ల గీతల బొమ్మ. ఈ గీతల బొమ్మల వెనక చరిత్ర ఉంది. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అతికించారు. ఓటరు చేయాల్సిందల్లా తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేయడమే. 1962 నాటికి అందరి గుర్తులూ ఒకే కాగితం మీదికి వచ్చి, దాని మీద ముద్ర వేసే పద్ధతి స్థిరపడింది. పెట్టెంత బొమ్మ తపాలా బిళ్లంత అయింది. ఎన్నికల సంఘంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి 1992లో రిటైరైన ఎం.ఎస్. సేఠీ పెన్సిల్‌తో గీసిన బొమ్మలే దేశంలోని చాలా గుర్తులకు మూలం. కొన్ని వస్తువుల రూపం పాతకాలం నాటిదిగా కనిపించడానికి కారణం అదే. బ్యాలెట్‌లో డబ్బా టీవీ ఉంటే మీరు గోడకు తగిలించే పలచటి టీవీ ఫొటో వేయకూడదు. ఓటరు వెతికేది మీరు చూపించిన బొమ్మనే.

స్కాన్ చేసిన బొమ్మను కోరల్ డ్రా, ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అడుగున పెట్టి, పైన బెజియర్ గీతతో (వంపు సర్దుకునే గీతతో) చేత్తో గీయండి. ఆటోమేటిక్ ట్రేస్ కొడితే వందల నోడ్లు (గీత మలుపు తిరిగే బిందువులు) పడి అంచులు ముడతలు తేలతాయి. కత్తెర లాంటి బొమ్మకు 30-40 నోడ్లు చాలు. బొమ్మ ఏ వైపు తిరిగి ఉందో, ఎంత వాలి ఉందో అలాగే ఉంచండి. పోస్టర్‌లో ఇమడలేదని అద్దంలో బింబంలా తిప్పేస్తే పెద్దవయసు వాళ్లు బూత్‌లో తడబడతారు.

గీత మందం: 36లో ఒక వంతు

బొమ్మ ఎత్తును 36 భాగాలు చేస్తే అందులో ఒక భాగం గీత మందం. 3 అడుగుల గోడ బొమ్మకు లెక్క సరిగ్గా అంగుళం, అంటే ఒక అంగుళం బ్రష్‌తో ఒక్క దెబ్బ. కరపత్రంలో 1.5 సెంటీమీటర్ల బొమ్మకు సుమారు 0.4 మిల్లీమీటర్లు, కంప్యూటర్ కొలతలో 1.2 పాయింట్లు. అసలు బొమ్మలో గీత ఇంతకన్నా సన్నగా ఉంటే కాస్త లావు చేయవచ్చు, రూపం మాత్రం మార్చొద్దు.

ఇప్పుడు పరీక్ష. 1.5 సెంటీమీటర్ల ఎత్తులో ఏ4 కాగితం మీద ప్రింటు తీయండి. దాన్ని జిరాక్స్, ఆ జిరాక్స్‌ను మళ్లీ జిరాక్స్, ఇంకోసారి కూడా తీయండి. మూడో కాపీని అరవై దాటినవారి చేతికిచ్చి, కళ్లద్దాలు లేకుండా చేతి దూరంలో పట్టుకోమని "ఇదేంటి?" అని అడగండి. "కత్తెర" అని వెంటనే వస్తే సరే. "ఏదో పనిముట్టు" అంటే లోపలి గీతలు ఎక్కువయ్యాయి. టీ జల్లెడ, టీవీ రిమోట్ లాంటి వాటిలో ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. జల్లెడలోని సన్నని వల, రిమోట్ మీద బటన్లు చిన్న సైజులో కలిసిపోయి నల్లటి మచ్చ అవుతాయి. కరపత్రం కోసం గీతల మధ్య సందు పెంచిన కాపీ ఒకటి వేరుగా చేసుకోండి.

పక్కవాడి గుర్తును పక్కన పెట్టి చూడండి

ఈ మెట్టును దాటేయకండి. పోటీలో ఉన్న గుర్తులన్నిటినీ ఒకే సైజులో, నలుపులో, బ్యాలెట్ వరసలోనే ఒక కాగితం మీద పేర్చండి. పంచాయతీల్లో అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పెట్టి గుర్తులు కేటాయిస్తారు కాబట్టి వరస ముందే తెలుస్తుంది. కాగితాన్ని 6 అడుగుల దూరంలో పెట్టి కళ్లు సగం మూసి చూడండి. పలక, నల్లబోర్డు, టీవీ మూడూ ఒకే నలుచదరపు మచ్చగా కనిపిస్తాయి. మంచం, టేబుల్ రెండూ నాలుగు కాళ్లవే. బ్యాట్, స్టంప్స్ రెండూ నిలువు కర్రలే.

ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. కారు గుర్తు ఉన్న టీఆర్‌ఎస్ రోడ్డు రోలర్, చపాతీ రోలర్ లాంటి గుర్తులు తమ కారును పోలి ఉన్నాయని, వాటివల్ల తమ ఓట్లు చీలుతున్నాయని ఎన్నికల సంఘం దగ్గరా కోర్టుల్లోనూ ఏళ్ల తరబడి పోరాడింది. 2022 మునుగోడు ఉపఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు మీద నడిచిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. రాష్ట్రమంతా తెలిసిన గుర్తుకే ఆ తిప్పలు ఉంటే, ఎనిమిది రోజుల వయసున్న గుర్తు సంగతి చెప్పక్కర్లేదు.

పోలిక ఉందని తేలితే బొమ్మను మార్చలేరు. తేడా చూపే భాగాన్ని మాత్రం పట్టుకోవచ్చు. పలకకు చెక్క చట్రం, నల్లబోర్డుకు నిలబెట్టే కాళ్లు. ఆ భాగానికి ఒక రంగు ఇచ్చి ప్రచారమంతా అదే రంగులో చూపించండి. కార్యకర్తల మాటలోనూ అదే రావాలి: "చట్రం ఉన్న పలక", "పైనుంచి మూడో గుర్తు". బ్యాలెట్‌లో ఎన్నోదో చెప్పడం బొమ్మ ఎంత పెద్దగా వేశామన్నదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

అక్షరాలతో లోగో అల్లకండి

కొత్తగా డిజైన్ నేర్చుకున్న కుర్రాళ్లు అమెరికా లోగోలు చూసి అభ్యర్థి పేరులోని మొదటి అక్షరంతో ఏదో అల్లుతారు. 2008లో డిజైనర్ సోల్ సెండర్ బృందం ఒబామాకు చేసిన "ఓ", అందులో ఉదయిస్తున్న సూర్యుడు, చారల పొలం చాలా గొప్ప పని. 2016లో హిల్లరీ క్లింటన్‌కు డిజైనర్ మైఖేల్ బైరూట్ చేసిన బాణం గుచ్చిన "హెచ్" కూడా, మొదట్లో నవ్వుకున్నా, తర్వాత నిలబడింది. అయితే అక్కడ ఓటరు వెతికేది పేరు. లోగో ఆ పేరు దగ్గరికే తీసుకెళుతుంది. మన బ్యాలెట్ మీద ఓటరు వెతికేది వస్తువు. "ర" అక్షరాన్ని ఎంత అందంగా తిప్పినా బూత్‌లో అది ఎక్కడా కనిపించదు.

పార్టీలు కూడా జెండా చిహ్నాన్ని, ఎన్నికల గుర్తును వేరుగానే చూస్తాయి. 1982లో పుట్టిన తెలుగుదేశం పసుపు జెండా మీద గుడిసె, నాగలి, చక్రం ఉంటాయి. పార్టీ ఏమిటో అవి చెబుతాయి. ఓటు మాత్రం సైకిల్‌కు. జనసేనది జెండా మీద నక్షత్రం, బ్యాలెట్ మీద గాజు గ్లాసు. రెండు చిహ్నాలను జనానికి అలవాటు చేయడానికి వాళ్లకు ఏళ్లున్నాయి, మీకు లేవు. గుర్తునే లోగో చేయండి.

గుర్తును ఎంచుకునే వెసులుబాటు ఎప్పుడైనా దొరికితే కాంగ్రెస్ కథ గుర్తుంచుకోండి. 1952 నుంచి జోడెడ్లు, 1969 చీలిక తర్వాత ఆవు-దూడ, 1978 చీలిక తర్వాత చేయి. ఎడ్లు గీయాలంటే ఎనిమిది కాళ్లు, నాలుగు కొమ్ములు, మెడ మీద కాడి. చేతికి ఒక్క గీత చాలు. పైగా ముద్రణ ఖర్చే లేదు, ప్రతి కార్యకర్తా అరచెయ్యి ఎత్తితే అదే పోస్టర్. 1978 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక శాసనసభ ఎన్నికల్లో ఆ సరికొత్త గుర్తుతోనే ఇందిర పార్టీ గెలిచింది. గెలుపుకు కారణాలు వేరే ఉన్నాయి గానీ, కొన్ని వారాల్లో ఒక బొమ్మ ఊరూరా తెలియగలదని మాత్రం అది చూపించింది.

మీ గుర్తుకూ సైగ ఒకటి వెతకండి. కత్తెరకు రెండు వేళ్లు ఆడించడం, ఉంగరానికి ఉంగరపు వేలు చూపించడం, విజిల్‌కు ఈల. సైగ కుదరకపోతే అసలు వస్తువునే చేత పట్టుకుని ఇంటింటికీ వెళ్లండి. టీ జల్లెడను ఏ పోస్టరూ అసలు జల్లెడంత బాగా చూపించలేదు.

తెలుగు అక్షరాల దగ్గర జరిగే తప్పులు

పోస్టర్ మీద రాసేవి మూడే: పేరు, పదవి, "... గుర్తుకే మన ఓటు". ఈ మూడింటిలోనే చాలా తప్పులు జరుగుతాయి.

ఒత్తులు పక్క వరసలోకి దిగడం మొదటిది. ఇంగ్లీషు అలవాటుతో వరసల మధ్య దూరాన్ని 1.2 దగ్గర వదిలేస్తే పై వరసలోని "ర్తు", కింది వరసలోని గుడి ఢీకొంటాయి. 1.5 దగ్గర మొదలుపెట్టి కంటితో సర్దండి.

మరీ లావు ఫాంట్ ఎంచుకోవడం ఇంకొకటి. "ద"కూ "ధ"కూ, "ప"కూ "ఫ"కూ తేడా అడుగున ఉన్న చిన్న గీటే. లావు అక్షరంలో అది పూడిపోతుంది, దూరం నుంచి సుధాకర్ సుదాకర్ అవుతాడు. దాని చుట్టూ మళ్లీ తెల్ల ఔట్‌లైన్ వేస్తే మిగిలిన సందు కూడా పోతుంది. ఔట్‌లైన్ వేయాలనుకుంటే అక్షరం వెనక్కి పెట్టండి, ముందుకు కాదు. రామభద్ర, సూరన్న, మండలి, రామరాజ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లున్నాయి. శీర్షికకు ఒకటి, మిగతా అన్నిటికీ ఒకటి. రెండు దాటితే పెళ్లిపత్రికే.

ఇక ఫాంట్ దుకాణంలో లేకపోవడం. మీరు యూనికోడ్‌లో చేస్తారు, ఫ్లెక్సీ దుకాణంలో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు మాత్రమే ఉంటాయి. ఫైల్ తెరవగానే డబ్బాలు కనిపిస్తాయి, లేదా గుణింతాలు విడిపోతాయి. పంపే ముందు కోరల్ డ్రాలో అక్షరాలను ఎంచి కంట్రోల్-క్యూ నొక్కి కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చండి. మార్చాక ప్రతి ఒత్తునూ మళ్లీ చూడండి. ఫైల్‌ను పాత కోరల్ వెర్షన్‌లో సేవ్ చేయండి. మార్చని అసలు ఫైల్ మీ దగ్గర వేరుగా ఉండాలి, రేపు ఇంకో వార్డుకు పేరు మార్చాల్సి వస్తుంది.

రంగులు

పంచాయతీ పోరు పార్టీలు లేనిది అంటారు గానీ, ఊళ్లో గులాబీ, పసుపు, కాషాయం, మూడు రంగులు ఏవేం చెబుతాయో పిల్లాడికీ తెలుసు. రంగు ఎంచుకుంటే పక్షం ఎంచుకున్నట్టే, కాబట్టి ఈ నిర్ణయం అభ్యర్థిదే. డిజైనర్ చూడాల్సింది కనిపించడం గురించి. తెలుపు మీద పసుపు అక్షరం ఎండలో కనిపించదు. నీలం మీద ఎరుపు కళ్లు చెదరగొడుతుంది. పసుపు మీద నలుపు అన్నిటికన్నా దూరం కనిపిస్తుంది.

ముద్రణలో ఎరుపుకు మజెంటా 100 శాతం, పసుపు 100 శాతం. నలుపు అక్షరాలకు నలుపు ఒక్కటే 100 శాతం. నాలుగు రంగులు కలిపిన నలుపు వాడితే అచ్చు ప్లేట్లు ఒక వెంట్రుక జరిగినా చిన్న అక్షరాల చుట్టూ రంగు నీడలు వస్తాయి.

ఒకే రంగులో ఉండే కాపీ కూడా తప్పనిసరి. కండువా మీద స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్, స్క్రీన్‌కో ఖర్చు. ముదురు రంగు మీద గుర్తు వేయాల్సి వస్తే గీతలను తెల్లగా మార్చకండి. అలా చేస్తే ఫొటో నెగటివ్‌లా కనిపించి బ్యాలెట్ బొమ్మతో పోలిక పోతుంది. తెల్ల గుండ్రం వేసి అందులో నల్ల గీతల బొమ్మ పెట్టండి. వాట్సాప్ డీపీకి కూడా అదే పనికొస్తుంది. గుండ్రం వ్యాసంలో బొమ్మ 70 శాతం దాటకుండా చూసుకోండి, లేకపోతే అంచులు తెగుతాయి.

గోడ మీదికి

ముందు ఇంటి యజమాని రాతపూర్వక అనుమతి తీసుకోండి. ప్రభుత్వ గోడలు, స్తంభాలు, ట్యాంకుల జోలికి వెళ్లొద్దు. ఎన్నికల కోడ్ అమల్లో ఉండగా వాటి మీది రాతలను చెరిపేయడమే కాదు, ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలో పడుతుంది. తెలంగాణలో సర్పంచ్ అభ్యర్థికి వ్యయ పరిమితి: 5 వేలు లేదా అంతకన్నా ఎక్కువ జనాభా ఉన్న పంచాయతీలో 2.5 లక్షల రూపాయలు, అంతకన్నా చిన్నదైతే 1.5 లక్షలు.

పది గోడల కన్నా ఎక్కువైతే స్టెన్సిల్ కోయండి. పాత ఎక్స్‌రే ఫిల్మ్ చిన్న బొమ్మలకు, పలచటి ప్లాస్టిక్ షీటు పెద్దవాటికి. ఉంగరం లోపలి గుండ్రం, "ర", "ఠ" అక్షరాల లోపలి భాగాలు కోయగానే రాలిపోతాయి. వాటిని చుట్టుపక్కల భాగానికి కలిపే సన్నటి పట్టీలు రెండేసి వదలండి. రంగు ఆరాక ఆ ఖాళీలను బ్రష్‌తో పూడ్చొచ్చు. స్టెన్సిల్‌కు రంగు చిక్కగా ఉండాలి, బ్రష్ దాదాపు పొడిగా ఉండాలి. పలచనైతే అంచు కిందికి పాకి బొమ్మ ఉబ్బుతుంది.

పెద్ద గోడకు గళ్లే మంచివి. బొమ్మ మీద నిలువుగా 6, అడ్డంగా 6 గళ్లు గీసి, గోడ మీద రంగు పొడి రాసిన దారాన్ని బిగించి కొట్టి అన్నే గళ్లు వేయండి. సున్నం పూర్తిగా ఆరకముందే రంగు వేస్తే రెండో రోజుకే పెచ్చులూడుతుంది. ఎనిమిది రోజుల్లో ఒక రోజు ఎండడానికి వదలడం కష్టమే, అయినా వదలాలి.

ఫ్లెక్సీ

8×6 అడుగుల ఫ్లెక్సీకి 72 డీపీఐ దగ్గర ఫైల్ 6912×5184 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే అది దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. 8 అడుగుల మీద పరిస్తే అంగుళానికి 17 చుక్కలు కూడా రావు, ముఖం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. నాలుగు వైపులా 3 అంగుళాలు మడతకు, రింగులకు వదలండి.

చదివే దూరం ప్రతి 10 అడుగులకు అక్షరం ఎత్తు అంగుళం. రోడ్డుకు అవతల 50 అడుగుల నుంచి చదవాలంటే 5 అంగుళాలు. కొలిచేటప్పుడు ఒత్తులు, గుడులు కలపకుండా "గ" లాంటి ఒంటి అక్షరం ఎత్తునే కొలవండి.

ఫ్లెక్సీలో మూడో వంతు గుర్తుకు. ఇది ముందే అభ్యర్థితో తేల్చుకోండి, ఎందుకంటే అసలు పోరాటం ఇక్కడే. పెద్దాయన ఫొటో, చిన్నాయన ఫొటో, ఖర్చు పెట్టినాయన ఫొటో, పాస్‌పోర్ట్ సైజులో వార్డు సభ్యులందరూ వచ్చి కూర్చునేసరికి గుర్తుకు మిగిలేది కింది మూల. ఫొటోలన్నీ ఒకే ఫ్లెక్సీ మీద వేసి బస్టాండ్ దగ్గర కట్టించండి, అందరూ సంతోషిస్తారు. మిగతా వాటి మీద గుర్తు, వరస సంఖ్య, పేరు, అభ్యర్థి ఫొటో చాలు. జాతీయ జెండా, మూడు సింహాల చిహ్నం, సైనికుల ఫొటోలు ఎక్కడా వద్దు.

కాగితాలు

కరపత్రం, పోస్టర్ దేని మీదైనా ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. కాపీల సంఖ్య కూడా వేయండి. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు వర్తించే ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఏ సెక్షన్ ప్రకారం ఆ పేర్లు, చిరునామాలు లేకపోతే 6 నెలల వరకు జైలు, లేదా 2 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రచురించేవారు సంతకం చేసి, ఇద్దరు తెలిసినవారు ధ్రువీకరించిన ప్రకటన రెండు ప్రతులు లేనిదే ప్రెస్ పని మొదలుపెట్టకూడదు. డిజైన్‌లోనే అడుగున 6 పాయింట్ల వరసకు చోటు వదిలితే చివరి నిమిషంలో అది ఫొటో మీదికి ఎక్కదు.

నమూనా బ్యాలెట్ అన్నిటికన్నా విలువైన కాగితం. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు కేంద్ర ఎన్నికల సంఘం పెట్టిన నియమం పాటిస్తే ఎక్కడా చిక్కు రాదు: అసలు బ్యాలెట్ సైజులో ఉండకూడదు, తెలుపు, గులాబీ రంగుల్లో ఉండకూడదు, ఇతర అభ్యర్థుల పేర్లు, గుర్తులు ఉండకూడదు. తెలంగాణ పంచాయతీల్లో సర్పంచ్ బ్యాలెట్ గులాబీ, వార్డు సభ్యుడిది తెలుపు కాబట్టి మీ నమూనాకు పసుపో బూడిద రంగో తీసుకోండి. గుర్తును మీ వరసలోనే పెట్టి మిగతా గళ్లు ఖాళీగా వదలండి. రెండు బ్యాలెట్లు ఇస్తారని, ఏ రంగు కాగితం మీద మీ గుర్తు వెతకాలో అక్షరాల్లో రాయండి. సర్పంచ్ గుర్తును తెల్లకాగితం మీద వెతికి, దొరక్క, కంగారులో ఏదో ఒకదాని మీద ముద్ర వేసే వాళ్లుంటారు.

ఇంటింటికీ పంచే ఓటరు చీటీ వేరే సంగతి. అది తెల్లకాగితం మీద ఓటరు పేరు, వరస సంఖ్య, పోలింగ్ కేంద్రం వివరాలతోనే ఉండాలి. గుర్తు గానీ, అభ్యర్థి పేరు గానీ వేస్తే అది ప్రచార కాగితం అవుతుంది. ఓటరు దాన్ని చేత్తో పట్టుకుని బూత్‌కే వస్తాడు, పోలింగ్ కేంద్రానికి 100 మీటర్లలోపు ప్రచారం నేరం. ఎనిమిది రోజులు గుర్తును అన్నిచోట్లా వేసిన అలవాటులో డీటీపీ ఆపరేటర్ చీటీ మూలన కూడా చిన్న కత్తెర పెట్టేస్తాడు. ప్లేటు వేయకముందే ప్రూఫ్ తెప్పించి ఆ మూల చూడండి.